సూది నొప్పికి మళ్ళీ సూది వద్దు

(సార్వా ఊడ్పులకు ముందు జరిగిన గ్రామ సంఘం సమావేశంలో ఒక రైతు కార్యకర్త చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరులోనే ఇస్తున్నాం.)

కాలవ నీళ్ళ సంగతి, కౌలు కార్డుల సంగతి పెద్దలు మాట్లాడేశారు. టీ వచ్చేలోపు నాకో పావుగంట ఇచ్చారు. నేను మాట్లాడేది సూది నొప్పి గురించి. నవ్వకండి. ఎరువుల ధరల మధ్యలో ఇదేం గోల అనిపించొచ్చు గానీ, మన పనికీ కూలికీ సంబంధం ఉన్న సంగతే కాబట్టి అడిగి మరీ పేరు రాయించుకున్నాను.

మొన్న మా ఏఎన్ఎం అమ్మాయి గట్టు మీద కనిపించి ఒక మాట అంది. ‘‘బాబాయ్, దాళ్వా కోతల్లో కొడవలి తెగినవాళ్ళు ఎంతమందో ఉన్నారు. రండంటే సగం మంది కూడా రాలేదు. గాయానికి పసుపు అద్దేసుకుని ఊరుకున్నారు’’ అని. ఎందుకు రాలేదని నేను ఇద్దరు ముగ్గుర్ని అడిగాను. అందరిదీ ఒకటే జవాబు. ‘‘సూదేయించుకుంటే రెండ్రోజులు చెయ్యి లేవదండి. పనెవరు చేస్తారు?’’

ఆ మాటని తీసిపారేయలేం. జీతగాడికి చెయ్యి నొప్పెడితే సెలవు పెడతాడు. మన ఊడ్పుల ముఠా ఎకరానికింత అని ఒప్పుకుంటుంది. అందులో ఒకామె చెయ్యి లేవకపోతే ఆమె వాటా పోతుంది, లేదా మిగతావాళ్ళ నడుం మీద పడుతుంది. కాబట్టి సూది నొప్పి అంటే కూలి నొప్పి. దాన్ని ఎలా తగ్గించుకోవాలో తెలిస్తే మానేసే అవసరం ఉండదు. నేను పదో తరగతి చదివినవాణ్ణే, డాక్టర్ని కాదు. పీహెచ్‌సీ డాక్టరు గారినీ ఆ ఏఎన్ఎం అమ్మాయినీ కూర్చోబెట్టి అడిగి తెలుసుకున్నదీ, నా ఒంటి మీద అనుభవించిందీ చెబుతున్నాను.

ముందు ధనుర్వాతం గురించి. దాని పేరులోనే ఉంది, ఒళ్ళు విల్లులా వంగిపోతుంది. దవడలు బిగుసుకుపోతాయి. అది తుప్పు వల్ల వస్తుందని మనం అనుకుంటాం. తుప్పు వల్ల కాదండి. ఆ క్రిమి గింజలు మట్టిలో ఉంటాయి, పశువుల పేడలో ఉంటాయి. మనం రోజూ దిగేది ఆ మట్టిలోకే, ఎత్తేది ఆ పేడే. లోతుగా దిగిన గాయంలో గాలి తగలని చోట అది పెరిగి విషం వదులుతుంది. పైన పసుపు రాస్తే లోపలున్నదానికి ఏమీ కాదు. సబ్బుతో, ధారగా పోసే నీళ్ళతో గాయాన్ని కడగాలి, తర్వాత టీకా వేయించుకోవాలి. మనం టీటీ అంటున్నాం గానీ, ఇప్పుడు సర్కారు ఆసుపత్రుల్లో దాని బదులు టీడీ ఇస్తున్నారు. ధనుర్వాతంతో పాటు కంఠసర్పికి కూడా అదే.

అలాగని గోరు గీసుకున్నప్పుడల్లా వేయించుకోమని కాదు. మనలో రెండు రకాలవాళ్ళున్నారు. అసలు వేయించుకోనివాళ్ళు ఒక రకం. ఆర్నెల్లకోసారి వేయించుకునేవాళ్ళు రెండో రకం. ఇదివరకే మొత్తం డోసులు పడి ఉంటే, మట్టి పట్టిన గాయానికైనా ఆఖరి డోసు పడి ఐదేళ్ళు దాటితేనే మళ్ళీ కావాలి. శుభ్రమైన చిన్న గాయానికి పదేళ్ళు. ఈ రెండో రకం వాళ్ళు ఇంకో సంగతి కూడా తెలుసుకోవాలి. ఈ టీకా మరీ దగ్గర దగ్గరగా వేయించుకుంటే చెయ్యి ఇంకా ఎక్కువ వాస్తుంది, ఇంకా ఎక్కువ సలుపుతుంది. ‘‘నాకు ప్రతిసారీ చెయ్యి బూరెలా పొంగుతుందండి’’ అనే మా బావ ఒకాయన లెక్క తీస్తే, మూడేళ్ళలో నాలుగుసార్లు వేయించుకున్నాడు! తేదీ ఎక్కడా రాసుకోలేదు. పట్టాదారు పాసు పుస్తకం దాచే సంచీలోనే ఒక చీటీ మీద ఆ తేదీ రాసి పెట్టుకోండి. ఎప్పుడూ వేయించుకోనివాళ్ళు మాత్రం ఒక్కదానితో ఆపకూడదు, మూడు డోసులు పూర్తి చేయాలి. ఎప్పుడెప్పుడన్నది వాళ్ళే చెబుతారు.

ఇంతకీ నొప్పి ఎందుకు పుడుతుంది? సూది గుచ్చిన నొప్పి క్షణంలో పోతుంది. సాయంత్రానికి మొదలయ్యే సలుపు వేరు. డాక్టరు గారు చెబితే నాకు భలే ఆశ్చర్యం వేసింది. వరద రోజుల్లో ఎర్రటి గోదారి నీళ్ళు బిందెలో పోసి మన అమ్మలు పటిక తిప్పేవారు గదా, 1926లో ఇంగ్లండులో అలెగ్జాండర్ గ్లెన్నీ అనే ఆయన ఆ పటికనే టీకా మందులో కలిపి చూశాడు. మందు ఒంట్లో ఒక్కసారిగా కరిగిపోకుండా, పడిన చోటే ఉండి బాగా పనిచేసింది. ఇప్పటికీ ఈ టీకాల్లో పటిక జాతికే చెందిన అల్యూమినియం లవణం కలుపుతారు. అది కండలో ఉన్నంతసేపూ ఒంట్లోని కాపలా కణాలు అక్కడికి పరుగెత్తుకొస్తాయి. ఆ చోట వేడి, వాపు, సలుపు అందుకే. ఒకటి రెండు రోజుల్లో, మహా అయితే మూడో రోజుకి తగ్గిపోతుంది. చిన్న గడ్డలా చేతికి తగిలేది కొన్ని వారాలు ఉన్నా, నొప్పి లేకపోతే కంగారు పడక్కర్లేదు.

ఇక తగ్గించుకునే సంగతి. సగం పని సూది పడకముందే ఉంది. కండ బిగబట్టామంటే నొప్పి ఎక్కువ. మనవాళ్ళు నిలబడి, పిడికిలి బిగించి, పళ్ళు కొరుకుతూ వేయించుకుంటారు. కుర్చీలో కూర్చుని, చెయ్యిని తడి తువ్వాల్లా వేలాడేయండి. స్పిరిట్ రాసింది ఆరేదాకా ఆగమనండి. ఖాళీ కడుపుతో వెళ్ళకండి. పసిపిల్లలకైతే వేసేటప్పుడు తల్లి పాలిస్తూ ఉంటే ఏడుపు తగ్గుతుంది. ఇది మన అమ్మమ్మల మాటే అనుకున్నాను గానీ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2015లో ఈ సలహానే రాసి పెట్టిందట.

సూది తీశాక దూదితో ఒక నిమిషం అదిమి పట్టుకోండి, చాలు. మర్దన చేయొద్దు. మా ఇంట్లో ఎవరికి సూది పడినా కొబ్బరినూనె గిన్నె పట్టుకుని మా అత్తగారు తయారుగా ఉండేది. ఆవిడ ప్రేమకి దండం గానీ, అలా పిసికితే వాపు పెరుగుతుంది. సున్నం, పసుపు పట్టు కూడా ఆ రంధ్రం మీద పెట్టొద్దు. చల్లటి నీళ్ళలో ముంచి పిండిన శుభ్రమైన గుడ్డ, పావుగంట చొప్పున, ఆ పూట మూడు నాలుగుసార్లు వేయండి. ఐసు ఉంటే గుడ్డలో చుట్టే పెట్టాలి, నేరుగా చర్మం మీద పెట్టొద్దు. ఉప్పు కాపడం, వావిలాకు కాపడం మొదటి రోజు వద్దు. రెండో రోజు కండ బిగుసుకున్నట్టుంటే గోరువెచ్చటి గుడ్డ పర్వాలేదు.

అన్నిటికన్నా ముఖ్యం చెయ్యి కదపడం. మనం చేసేది ఏంటి? నొప్పెడుతోందని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాం. తెల్లారేసరికి అది కర్రలా బిగుసుకుపోతుంది. వేయించుకున్న గంట నుంచే మెల్లగా పైకెత్తి దించండి, గుండ్రంగా తిప్పండి, కవ్వం తాడు లాగినట్టు ముందుకీ వెనక్కీ ఆడించండి. బరువులు మాత్రం ఎత్తకండి. రాత్రి ఆ పక్కకి తిరిగి పడుకోవద్దు. మరీ సలిపితే అన్నం తిన్నాక ఒక పారాసిటమాల్ 500 బిళ్ళ. ఆరు గంటలు ఎడం లేకుండా రెండోది వద్దు, రోజుకి నాలుగు మించొద్దు. లివరు జబ్బున్నవాళ్ళు డాక్టర్ని అడక్కుండా వేసుకోవద్దు. ఇంకోటి, మగవాళ్ళకి ప్రత్యేకంగా చెబుతున్నాను, మందు తాగిన రాత్రి ఆ బిళ్ళ జోలికి పోకండి.

ఏ చేతికి వేయించుకోవాలన్నది మనం అడగొచ్చు. పట్నంలో అయితే రాసే చెయ్యి వద్దు, ఎడం చెయ్యి ఇవ్వండి అంటారు. మన లెక్క వేరు. ఊడ్పుల్లో కుడి చెయ్యి నాటుతుంది గానీ, నారు కట్ట మొయ్యాల్సింది ఎడం చెయ్యి. స్ప్రేయరు భుజానికి తగిలిస్తే పిడి కొట్టేది ఎడం చేత్తోనే. కాబట్టి రేపు ఏం పని ఉందో చూసుకుని ఆ పనికి తక్కువ వాడే చెయ్యి చూపించండి. కొబ్బరి దింపు కార్మికులకైతే ఏ చెయ్యీ తక్కువది కాదు. సూది పడిన మర్నాడు చెట్టెక్కొద్దు, అంతే. పైన పట్టు జారితే చూడాల్సింది చెయ్యి నొప్పి కాదు.

ఇప్పుడు నా కథ. ఎందుకు ఇంత పట్టుగా చెబుతున్నానో దీంతో తెలుస్తుంది. కొన్నేళ్ళ కిందట దాళ్వా కోతల్లో ఎడం చేతి చిటికెన వేలు తెగింది. కట్టు కట్టి, కుడి జబ్బకి టీటీ వేశారు. మర్నాడు జబ్బ లేవడం లేదు. చేలో పనలు పడున్నాయి, మబ్బు కనిపిస్తోంది. పక్కూళ్ళో సూదులేసే ఒకాయన దగ్గరకి సైకిల్ మీద పోయాను. నేనే అడిగాను, ‘‘చెయ్యి నొప్పికి గట్టి సూది ఒకటి వెయ్యవయ్యా’’ అని. తప్పు సగం నాదే. తుంటికి వేశాడు. ఏం మందో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. మర్నాటికి జబ్బ నొప్పి తగ్గింది, ఎలాగూ తగ్గేదే. తుంటి మాత్రం రాయిలా గట్టిపడింది. ఐదో రోజుకి చలి జ్వరం. పట్నం తీసుకెళ్తే చీము పట్టిందని కోశారు. రోజూ గుడ్డ లోపలికి దూర్చి కట్టు కట్టేవారు. గట్టు మీద కూర్చోలేను, మంచం మీద బోర్లా పడుకుని ఉన్నాను. ఈలోగా అకాల వర్షం పడింది, కుప్ప తడిసింది, గింజ మొలకెత్తింది. ఆ ఏడు కౌలు కట్టడానికి మా ఆవిడ గాజులు బ్యాంకుకి వెళ్ళాయి. టీటీ నొప్పి రెండు రోజుల నొప్పి. దాన్ని పోగొట్టుకోవడానికి వేయించుకున్న సూది నన్ను మూడు వారాలు పడుకోబెట్టింది.

ఇది నా ఒక్కడి సంగతి కాదు. ఊడ్పుల రోజుల్లో సాయంత్రం ఏ ఊరైనా చూడండి. పొద్దుటి నుంచి వంగిన నడుంతో అక్కచెల్లెళ్ళు వరసలో నిలబడి నొప్పుల సూది వేయించుకుంటారు. అందులో తరచూ ఉండేది డైక్లోఫెనాక్. అది ఎంత గట్టి మందో చెప్పడానికి ఒక సంగతి. పశువులకి ఈ మందు విచ్చలవిడిగా వాడితే, ఆ పశువు చచ్చాక తిన్న రాబందులు కిడ్నీలు చెడి చచ్చిపోయాయి. ఆకాశంలో రాబందు కనపడకుండా పోయాక, 2006లో పశువులకి ఆ మందును దేశంలో నిషేధించారు. మనుషులకి వాడొచ్చు, అవసరమైనప్పుడు, డాక్టరు చెబితే. రోజూ సాయంత్రం టీ తాగినట్టు కాదు. మన కిడ్నీకీ, కడుపుకీ కూడా అది బరువే.

సూది అంటేనే బలం అన్న నమ్మకం మన ప్రాంతంలో పాతుకుపోయింది. బిళ్ళ రాసి పంపిస్తే ఆ డాక్టరుకి ఏమీ రాదంటాం. బిళ్ళని అంత తేలిక చేయకండి. మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో పనిచేసి ప్రపంచానికి ఇచ్చిన మందుల్లో ఒకటి డీఈసీ. బోదకాలు రాకుండా మన జిల్లాల్లో ఇంటింటికీ తిరిగి మింగించిన మాత్ర అదే. సూదితో పని లేకుండానే ఆ పని జరిగింది.

అక్కర్లేని సూది చేసిన అన్యాయం ఇంకొకటి మన కళ్ళ ముందే ఉంది. మా ఈడువాళ్ళలో కాలు పడిపోయినవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. ‘‘జ్వరానికి సూది వేయించాం, మర్నాటికి కాలు పడిపోయింది’’ అని వాళ్ళ అమ్మలు చెప్పేవారు. వాళ్ళు అబద్ధం చెప్పలేదు. ఆ జ్వరం పోలియోది. పోలియో క్రిమి ఒంట్లో ఉన్నప్పుడు కండకి సూది వేస్తే ఆ కాలే పడిపోయే ప్రమాదం పెరుగుతుందని వైద్యులు తేల్చారు. మామూలు జ్వరం బిళ్ళ ఇచ్చి పడుకోబెడితే కొంతమంది నడిచేవారేమో. మన దేశంలో ఆఖరి పోలియో కేసు 2011 జనవరిలో వచ్చింది, 2014లో పోలియో లేని ప్రాంతంగా ప్రకటించారు. అది కూడా టీకాల వల్లే. కావలసిన టీకా, అక్కర్లేని సూది, ఈ రెండిటినీ వేరు చేసి చూడమని నా గోల.

ఏ నొప్పిని తేలిగ్గా తీసుకోకూడదో కూడా చెప్పాలి. మూడో రోజుకి తగ్గాల్సింది పెరుగుతూ ఉంటే, ఎర్రబడి కాలుతూ ఉంటే, జ్వరం వస్తే, అది చీము పట్టే దారి. కాపడాలు పెడుతూ కూర్చోకండి. తుంటికి సూది వేసేటప్పుడు కరెంటు కొట్టినట్టు కాలు పొడుగునా జివ్వుమంటే వెంటనే కేక వేయండి, సూది తీసేయమనండి. అక్కడ కాలికి వెళ్ళే పెద్ద నరం ఉంది. తర్వాత పాదం పైకి లేవకపోయినా, నడుస్తుంటే చెప్పు జారిపోతున్నా, ‘తిమ్మిరిలే’ అనుకోకుండా ఆ రోజే పెద్దాసుపత్రికి పోవాలి. సూది పడిన చోట భరించలేని నొప్పితో చర్మం నీలంగా, నల్లగా మారినా అంతే. ఏ సూది వేయించుకున్నా అరగంట అక్కడే కూర్చోండి. ఒళ్ళంతా దద్దుర్లు, పెదాలు వాయడం, ఊపిరి ఆడకపోవడం ఉంటే అక్కడే చూస్తారు. సూది, సిరంజి మీ కళ్ళ ముందు కొత్త ప్యాకెట్టు చించి తీయాలి. ఏం మందో అడగండి. అడగడం అమర్యాద కాదు, డబ్బులిచ్చేది మనం, ఒళ్ళు మనది.

కుక్క కాటు గురించి ఒక్క మాట. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులన్న భయం ఇంకా మనవాళ్ళకి పోలేదు. ఆ పాత మందు ఇరవై ఏళ్ళ కిందటే మన దేశంలో ఆగిపోయింది. ఇప్పుడు సర్కారు ఆసుపత్రిలో జబ్బ చర్మం పొరలోకి కొద్దిగా వేస్తారు, రెండు చేతులకీ. మొదటి రోజు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవై ఎనిమిదో రోజు. కాస్త దురద, ఎరుపు, తప్పితే పెద్ద నొప్పి ఉండదు. తుంటికి మాత్రం ఈ టీకా వేయకూడదు. కాటు లోతుగా ఉంటే గాయంలోకి వేసే సీరం వేరే ఉంటుంది, అది నొప్పే, అయినా తప్పదు. కరిచిన వెంటనే సబ్బుతో పావుగంట కడగాలి. ఈ జబ్బు వచ్చాక మందు లేదు, కాబట్టి ఒక్క డోసు కూడా వదలకూడదు. పోయినేడు మా ముఠాలో ఒకామెకి ఏడో రోజు డోసు సరిగ్గా ఊడ్పుల రోజు పడింది. మానేస్తానంది. మిగతా ఆడవాళ్ళు ఒప్పుకోలేదు. పొద్దున్నే ఆటో ఎక్కించి పంపారు, మధ్యాహ్నం వచ్చి కట్టలు విప్పి అందించే పని చేసింది, వాటా పూర్తిగానే ఇచ్చారు. ఆ రైతు కూడా నోరెత్తలేదు. మా ముఠా ఆడవాళ్ళు చేసింది అందరం చేయొచ్చు.

గేదెల సంగతి చెప్పకపోతే ఇంటికెళ్ళాక మా ఆవిడ ఊరుకోదు. గాలికుంటు టీకా వేస్తామంటే ‘‘పాలు తగ్గిపోతాయి, మా గేదెకి వద్దు’’ అని దొడ్డి తలుపు మూసేవాళ్ళున్నారు. నిజమే, ఒకటి రెండు రోజులు పాలు తగ్గొచ్చు, మెడ మీద గడ్డ కట్టొచ్చు. దానికీ మనలాగే నొప్పి, నోరు లేదంతే. తడి గోనె ముక్క ఆ చోట వేయండి, పలుపు ఆ గడ్డకి ఒరుసుకోకుండా చూడండి, ఎద్దయితే కొన్నాళ్ళు కాడి పెట్టకండి. నీడ, నీళ్ళు, పచ్చిమేత సరిపడా ఉంటే పాలు మళ్ళీ వస్తాయి. గాలికుంటే వచ్చిందనుకోండి, నోట్లో పుండ్లు, గిట్టల్లో పుండ్లు, ఆ ఈతలో పాలు మళ్ళీ పూర్తిగా ఎక్కవు. 2019లో కేంద్రం మొదలుపెట్టిన పథకం కింద ఈ టీకా ఆర్నెల్లకోసారి ఉచితమే. ఒక దొడ్డికీ ఇంకో దొడ్డికీ అదే సూది వాడుతుంటే మాత్రం మార్చమనండి. సగం గడ్డలు అక్కడే పుడతాయని నా అనుమానం.

టీ వచ్చేసినట్టుంది. సంఘం ముందు మూడు మాటలు పెడుతున్నాను, ఒప్పుకుంటే తీర్మానం రాసుకోండి. గాయానికో కాటుకో టీకా వేయించుకున్న మనిషికి మర్నాడు తేలిక పని ఇవ్వాలి, కూలి కోయకూడదు. ఇది రైతులుగా మనం మనకే పెట్టుకునే షరతు. ఊడ్పులు, కోతల రోజుల్లో ఏఎన్ఎం గారు సాయంత్రం ఐదు తర్వాత ఒక గంట కూర్చునేలా పీహెచ్‌సీ డాక్టరు గారికి సంఘం తరఫున ఉత్తరం ఇవ్వాలి. పగలు వేయించుకుని వంగి పనిచేసేకన్నా సాయంత్రం వేయించుకుంటే ఆ రాత్రి తడి గుడ్డ వేసుకుని పడుకోవచ్చు. మూడోది, ఊడ్పుల నెలలో నడుం నొప్పులకి సూదుల దగ్గరకి పోకుండా మధ్యాహ్నం ఒక అరగంట ఎక్కువ విరామం ఇవ్వాలి. దీనికి కొంతమంది రైతులు ఒప్పుకోరని తెలుసు, నా తమ్ముడే ఒప్పుకోడు, అదుగో అక్కడ కూర్చున్నాడు. అతన్నే ముందు మాట్లాడమనండి.